కింది పొరలో ఒక పిల్ల

ఆదివారం పొద్దున సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మా మ్యూజియం వెనక గేటు తీసి జనాన్ని తీరం వెంబడి నడిపించడం నా ఉద్యోగం. వేల ఏళ్ల కిందట అక్కడ బతికిన వాళ్లు ఏం తిన్నారో, ఎక్కడ నిప్పు రాజేశారో, వలలకు ఏ బరువులు కట్టారో చూపిస్తూ నడుస్తాను. బయల్దేరే ముందు అందరికీ ఒకే మాట చెబుతాను: చూడండి, వంగి చూడండి, కావాలంటే మోకాళ్ల మీద కూర్చుని చూడండి, కానీ దేన్నీ తీయకండి, దేన్నీ తొక్కకండి. ఇన్నేళ్లుగా ఆ మాట చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. దాన్ని ఒక్క బోర్డుతో మట్టిపాలు చేసిన మనిషి గురించి ఇప్పుడు చెబుతున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, కాబట్టి నేను మెత్తగా చెబుతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

నిజానికి మా తీరంలో ఉన్నవేవీ పైకి గొప్పగా కనిపించవు. గుల్లల దిబ్బ ఒకటి ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరో చెత్త పోసినట్టుంటుంది, నిజంగా అది చెత్తే. ఆ కాలపు వాళ్లు గుల్లలు ఒలుచుకు తిని చిప్పలన్నీ ఒకే చోట పారేశారు. తరతరాలుగా పారేస్తూ పోతే దిబ్బ మనిషి ఎత్తు దాటింది. దాని పక్కన కాలి నల్లబడిన రాళ్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి, అది పొయ్యి. ఇంకాస్త ముందుకెళ్తే మధ్యలో చిల్లి ఉన్న మట్టి బిళ్లలు ఇసుకలోంచి తొంగి చూస్తుంటాయి, అవి వలల బరువులు. ఒక చిప్ప అంచున ఉన్న నొక్కును చూపించి, ఇక్కడ రాతి మొన గుచ్చి తెరిచారు, తెరిచినవాళ్లు తినడానికి తొందరపడుతున్నారు, చూడండి మొన జారి గీత పడింది అంటాను. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా వంగి చూస్తారు.

ఇది మా కొత్త అధికారికి నచ్చలేదు. ఆయన్ని మేమంతా చాటుగా రిబ్బను సారు అంటాం. వచ్చిన కొత్తలో, రంగు మార్చిన తలుపుకు కూడా రిబ్బను కట్టించి కత్తిరించాడు. నీళ్ల కుళాయి బాగు చేయిస్తే దానికీ కట్టించాడు. ఆయన మొదటిసారి నా వెంట నడకకు వచ్చినప్పుడు మెరిసే బూట్లతో వచ్చి, దిబ్బ దగ్గర నిలబడి, చేతి గడియారం చూసుకున్నాడు.

"అంతా బాగానే ఉందమ్మా. కానీ ఇక్కడ జనం చెయ్యడానికి ఏముంది?"

"చూడ్డానికుంది సార్."

"చూస్తే ఏమొస్తుంది? ఫొటో రావాలి. ఇంటికెళ్లి నలుగురికి చూపించుకోవాలి. మీరు చూపించేవి గుల్లలు."

అలా పుట్టుకొచ్చాయి సిమెంటు అడుగులు. గేటు నుంచి దిబ్బ దాకా సిమెంటు పలకలు పరిచి, వాటి మీద చెప్పుల్లేని పాదాల ముద్రలు వేయించాడు. అవి పోసింది మా బావే. మా అక్క మొగుడు మ్యూజియం పనిశాలలో నకళ్లు చేస్తాడు. కుండకు నకలు, బొమ్మకు నకలు, ఎముకకు నకలు, దేన్నైనా అచ్చు పోసి పక్కన పెడితే చేసినవాడే తికమకపడాలి. ప్రాచీన మానవుడి పాదాలు కావాలని పై నుంచి ఆర్డరు వచ్చేసరికి బావ ఎక్కడికీ వెళ్లలేదు. ఇంటికెళ్లి మా అక్క కాళ్లు పట్టుకున్నాడు.

"మీ అక్క పాదం చదును మరదలా, వేళ్లు కూడా బాగా విచ్చుకుని ఉంటాయి. అచ్చం ఆ కాలం పాదమే" అని నాతో అన్నాడు.

"ఆ మాట దానితో అన్నావా బావా?"

"అన్నాను. అందుకే రెండ్రోజుల్నించి టీ నేనే పెట్టుకుంటున్నాను."

ఇలా మా అక్క పాదాలు చరిత్రకెక్కాయి. వాటి పక్కన నిలువెత్తు బోర్డు నాటారు. 'ప్రాచీనుల అడుగులో అడుగు వేయండి, ఫొటో తీసుకోండి' అని పెద్దక్షరాలతో రాయించారు. జనం వరసగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు, మా అక్క కాలిలో కాలు పెట్టి మురిసిపోయేవారు. నవ్వొచ్చేది గానీ నవ్వలేకపోయేదాన్ని. తొక్కకండి అని నేను చెప్పిన మాట వాళ్ల చెవుల్లో ఇంకా చల్లారకముందే తొక్కండి అని బోర్డు చెబుతోంది.

రిబ్బను సారు గదికి వెళ్లి ఆ మాటే అన్నాను. "సార్, ఒకే తీరం మీద రెండు మాటలు చెబితే జనం ఏది వింటారు? తొక్కడం అలవాటు చేశాక ఏది తొక్కాలో ఏది తొక్కకూడదో వాళ్లకెలా తెలుస్తుంది?"

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వాడు. "అమ్మా, సిమెంటును తొక్కితే సిమెంటుకేమైనా నొప్పా? మీరు ప్రతిదీ నెత్తికెత్తుకుంటారు."

తిరిగొచ్చి నా పని నేను చేసుకున్నాను. జనానికి నడక నచ్చింది, సంఖ్య పెరిగింది, నా మాట పలచబడింది.

ఆ తర్వాత పెద్ద గాలివాన వచ్చింది. అలలు దిబ్బ అంచు దాకా ఎగబాకి, ముందున్న ఇసుకనంతా ఊడ్చుకుపోయాయి. వాన తగ్గిన మర్నాడు, శనివారం పొద్దున, దిబ్బ ఎంత కోసుకుపోయిందో చూద్దామని బావా నేనూ వెళ్లాం. ఎన్నడూ ఇసుక తప్ప మరొకటి కనిపించని చోట బూడిదరంగు బంకమట్టి నున్నగా బయటపడి ఉంది. దాని మీద అడుగులున్నాయి.

ముందు నేను మనుషులెవరో పొద్దున్నే వచ్చి నడిచారనుకున్నాను. నడిచి ఉంటే పక్కనున్న తడి ఇసుకలో కూడా అడుగులుండాలి. లేవు. అవి మట్టి పొరతో పాటు దిబ్బ కింద నుంచి వస్తున్నాయి. గుల్లల పొర వాటి మీద కూర్చుని ఉంది. అంటే ఆ దిబ్బలో మొదటి చిప్ప పడకముందే ఎవరో ఆ మట్టి మీద నడిచారు.

మేమిద్దరం పక్కనున్న ఇసుక మీద మోకాళ్ల మీద కూర్చున్నాం. పెద్ద అడుగుల వరస ఒకటి నీళ్ల వైపు పోతోంది. దాని పక్కనే బుల్లి అడుగులు, పెద్దవాటితో సమంగా రాలేక రెండింతలు పడుతున్నాయి. ఒకచోట బుల్లి అడుగులు వరస తప్పి పక్కకు వెళ్లాయి. అక్కడ చిన్న గుంట ఉంది, బహుశా అప్పుడు నీళ్లు నిలిచి ఉంటాయి, దాని చుట్టూ మట్టంతా తొక్కితొక్కి కలిపినట్టుంది. పెద్ద అడుగులు ఆగాయి, వెనక్కి తిరిగాయి. గుంట పక్కన బుల్లి వేళ్లు ఐదూ లోతుగా దిగి ఉన్నాయి, మునివేళ్ల మీద లేచినట్టు. ఆ తర్వాత బుల్లి అడుగులు లేవు. పెద్ద అడుగులు మాత్రం ముందుకు పోయాయి. అంతకు ముందుకన్నా లోతుగా, ఒక పక్కకు ఒరిగి, కాస్త దగ్గరదగ్గరగా పోయాయి.

బావ ముద్రకు తగలకుండా పైన గాలిలోనే చెయ్యి ఆడించాడు. "ఎత్తుకుంది మరదలా. చంకనేసుకుంది."

"ఎత్తుకున్నాడేమో."

"ఎవరైతేనేం. పిల్ల నడవనని మొండికేస్తే ఎత్తుకున్నారు."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ ఆ మనుషులు తిని పారేసినవి చూపించాను, కాల్చి వదిలేసినవి చూపించాను. మనుషుల్ని చూడ్డం అదే మొదటిసారి. పిల్ల బురదలో గంతులేయడం, పెద్దవాళ్లు విసుక్కుంటూ వెనక్కి రావడం, చంకకెత్తుకోవడం, అంతా కళ్ల ముందు జరిగినట్టే ఉంది.

కానీ బంకమట్టి మెత్తన. బయటపడ్డాక సముద్రం దాన్ని ఎక్కువ రోజులు ఉండనివ్వదు. ఇలాంటి ముద్రల మీద పనిచేసే ప్రొఫెసరమ్మకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. రేపు పొద్దున రైలుకు వచ్చేస్తాను, నేను కొలతలు, ఫొటోలు తీసుకునేదాకా అచ్చు పోయొద్దు, తడి గోనెలు కప్పండి, దాని మీద ఒక్క కాలు కూడా పడకుండా చూడండి అందావిడ. బావ గోనెలు తెచ్చాడు. ఇద్దరం కప్పి, పోటు వచ్చినా కదలకుండా ఇసుకతో అంచులు అదిమి, చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాం. ఒక్క పొద్దు కాపాడితే చాలు, ఆ పిల్ల మనకు దక్కుతుంది. ఆ తర్వాత సముద్రం తీసుకుపోయినా ఫరవాలేదు.

రిబ్బను సారుకు చెప్పక తప్పదు, చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నిజమైనవేనా?"

"నిజమైనవే సార్. రేపు నడక ఆపెయ్యాలి."

"రేపు ఎలా ఆపుతామమ్మా? పర్యాటక శాఖ వాళ్లు కుటుంబాలతో వస్తున్నారు. దూరం నుంచి చూపించి పంపిస్తాను, నేనే దగ్గరుంటాను. మీరు స్టేషనుకెళ్లి ఆ ప్రొఫెసర్ గారిని తీసుకురండి. మీరైతే దారిలో అన్నీ వివరంగా చెప్పగలరు."

ఈయనకు కూడా మంచీ చెడ్డా తెలుస్తుందన్నమాట అనుకుని సంతోషించాను. బావను పనిశాలలో అచ్చుకు ప్లాస్టరు కలిపే సరంజామా సిద్ధం చెయ్యమని, ప్రొఫెసరమ్మ రాగానే బండి మీద తెమ్మని చెప్పి, ఆదివారం తెల్లవారగానే స్టేషనుకు వెళ్లాను.

ప్రొఫెసరమ్మ మాటల మనిషి కాదు. వీపున బరువైన సంచీ, చేతిలో కెమెరా స్టాండు. వెనక గేటు దాటగానే నాకు కనిపించింది ఏమిటంటే, సిమెంటు అడుగుల పక్కన బోర్డు లేదు. నేలలో గుంట మాత్రం ఉంది. గాలివానకు వదులై పడిపోయిందేమో, పీడా పోయింది అనుకున్నాను.

తలెత్తి చూస్తే బోర్డు దిబ్బ ముందు నిలబడి ఉంది. బంకమట్టిలో దిగ్గొట్టారు. తాడు చక్కగా చుట్ట చుట్టి పక్కన పెట్టారు, గోనెలు మడతపెట్టారు. జనం వరసలో ఉన్నారు. సిమెంటు అడుగుల దగ్గర ఎంత బుద్ధిగా నిలబడతారో అంతే బుద్ధిగా, తోపులాట లేకుండా, ఒకరి తర్వాత ఒకరు పెద్ద అడుగుల్లో బూట్లు పెట్టుకుంటూ పోతున్నారు. ఒకావిడ తన బిడ్డను చంకల కింద పట్టుకుని కిందికి దించుతోంది. బిడ్డ పాదాల్ని బుల్లి ముద్రల్లో ఒక్కొక్కటిగా అద్దుతోంది. ఎదురుగా భర్త ఫోన్ పట్టుకుని, ఇంకాస్త ఇటు, ఇంకాస్త ఇటు అంటున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆగండి, ఎవరూ కదలకండి" అని అరిచాను. అందరూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. అప్పుడు తెలిసింది, వాళ్లు అక్కడే ఉన్నా నాశనమే, కదిలినా నాశనమే. ప్రొఫెసరమ్మ సంచీ దించి, ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచినంత నెమ్మదిగా, వచ్చిన దారినే వెనక్కి రప్పించింది.

బిడ్డనెత్తుకున్నావిడ ముఖం పాలిపోయింది. "బోర్డు మీద అలాగే రాసుంది కదండీ, అడుగులో అడుగు వేయమని. ఇవి కూడా మీరు చేయించినవే అనుకున్నాం."

ఆవిడ బోర్డు చదివింది, చెప్పినట్టే చేసింది. "నిజమైనవా ఇవి?" అని ఇంకా మెల్లగా అడిగింది. తలాడించాను. ఆవిడ బిడ్డ పాదాలకంటిన మట్టిని కొంగుతో తుడవబోయి, తుడవొచ్చో లేదో తెలియక, చెయ్యి అలాగే ఉంచేసింది.

రిబ్బను సారు వరస చివర నిలబడి ఉన్నాడు. సరిగ్గా గుంట పక్కన, పిల్లను ఎత్తుకున్న చోట. అతిథులకు ఉపన్యాసం ఇవ్వడానికి ఆ చోటు ఎంచుకున్నాడు, అక్కడైతే వెనకాల సముద్రం బాగా కనిపిస్తుంది.

"ఎందుకమ్మా అంత అరుపు? అసలువే దొరికాక ఇంకా నకళ్లెందుకని నేనే బోర్డు ఇటు మార్పించాను. జనం ఎంత ఆనందిస్తున్నారో మీరే చూడండి."

"సార్, మీ కాళ్ల కింద ఏముందో చూశారా?"

ఆయన కిందికి చూశాడు. చూసి, గబుక్కున పక్కకు తిరిగాడు. తిరిగినప్పుడు మడమ మట్టిలో మెలితిరిగింది. "మట్టే కదమ్మా, తడిపి సరిచేస్తే పోలా" అన్నాడు.

"సరిచెయ్యడానికి అది మీ గది గోడ కాదు సార్. సముద్రం ఇన్ని వేల ఏళ్లు దాచిపెట్టింది. తుపాన్లొచ్చినా దాచింది. ఒక్క పొద్దు చూస్తూ ఉండమని మీకు అప్పజెబితే మీరు దానికి బోర్డు పెట్టారు. దగ్గరుంటానన్నారు, నిజమే, దగ్గరే ఉన్నారు. దాని మీదే ఉన్నారు."

అతిథుల ముందు అలా మాట్లాడతానని ఆయన అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఆయన ముఖం కందిపోయింది. తర్వాత మాట్లాడదాం అని అతిథుల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. బోర్డు అక్కడే మిగిలింది. నేనే పీకి అవతల పారేశాను.

ప్రొఫెసరమ్మ అప్పటికే మోకాళ్ల మీద ఉంది. కొలుస్తోంది, ఫొటోలు తీస్తోంది. బూటు ముద్రల్ని కూడా వదలడం లేదు.

"అవెందుకు మేడమ్?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"ఉన్నదున్నట్టు రాయాలి కదమ్మా. ఇప్పుడిది కూడా ఒక పొరే."

మా పనిలో పద్ధతి అదే. తవ్వినప్పుడు ముందు పైకి వచ్చే పొర, ఆ తర్వాత కింది పొర, ఒక్కోదానిలో ఏముందో, అది ఎవరిదో, ఎప్పటిదో రాస్తాం. పైది మనకు నచ్చలేదని వదిలెయ్యం. ఆ పద్ధతి అంత కఠినంగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

నీళ్లు తిరిగి వస్తున్నాయి. అన్ని అడుగులకూ అచ్చు పోసే సమయం లేదు, ఒక్క చోటే పోయగలం. బావ బండి దించుతూ నా వైపు చూశాడు. నేను గుంట పక్కకు చూపించాను. "అక్కడా? అక్కడ ఏం మిగిలింది మరదలా?" అన్నాడు. "మిగిలిందే పొయ్యి బావా" అన్నాను. పోశాడు. అది గట్టిపడేలోపు అల మా చీలమండలు తాకింది. దాన్ని ఎత్తుకుని ఒడ్డుకు చేరేసరికి మిగతా అడుగులన్నీ నీళ్ల కింద ఉన్నాయి. మర్నాడు వెళ్లి చూస్తే బంకమట్టి ఉంది, దాని మీద ఏమీ లేదు.

పనిశాలలో బావ దాని మీద మళ్లీ అచ్చు పోశాడు. మట్టి ఆ పొద్దున ఎలా ఉందో అలాగే వచ్చింది. ఇంతకీ బతికింది ఏమిటంటే, మునివేళ్ల మీద లేచిన పిల్ల అడుగులో ఒక పక్క. వేళ్లు మూడు బయటకు స్పష్టంగా ఉన్నాయి, మిగతా రెండింటి మీద బూటు మడమ గీతలు గీతలుగా, మెలి తిరిగి, లోతుగా దిగి ఉంది. పక్కన ఎత్తుకున్న మనిషి పాదం ఉండాల్సిన చోట బూటు ముందుభాగం ఉంది. ఆ మనిషి ఆడో మగో తెలుసుకోవడానికి పాదం కొలత కావాలి. పెద్ద అడుగులన్నీ బూట్ల కింద నలిగిపోయాక ఆ కొలత ఇక ఎవరికీ దొరకదు.

ఈలోపు పేపర్లలో వార్త వచ్చింది. అడుగులు దొరికిన సంగతి మాత్రమే వచ్చింది, పోయిన సంగతి రాలేదు. రిబ్బను సారు జరిగిందంతా మర్చిపోయినట్టు, ఆ అచ్చును పెద్ద హాల్లో అద్దాల పెట్టెలో పెట్టాలన్నాడు. ప్రొఫెసరమ్మ సరేనంది. ఒక్క షరతు పెట్టింది. అచ్చు ఎలా ఉందో అలాగే ఉండాలి, పక్కన పెట్టే రాత మా పద్ధతి ప్రకారం ఉండాలి, ఆ రాత నేను రాయాలి, లేదా అచ్చు తన విశ్వవిద్యాలయానికి వెళ్లిపోతుంది. పేపర్ల వాళ్లను అప్పటికే పిలిచేశాడు కాబట్టి ఆయన ఒప్పుకున్నాడు. పద్ధతి అంటే ఏమిటో అడగలేదు.

పెట్టెకు ఎర్ర రిబ్బను కట్టారు. ఆయన ఆ మెరిసే బూట్లే వేసుకుని వచ్చి కత్తిరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ముందు వరసలో ఉన్నవాళ్లు వంగి, నేను రాసింది చదవడం మొదలుపెట్టారు.

'కింది పొర: ఒక పిల్ల అడుగు. నడిచి నడిచి ఇక్కడ ఆగింది, ఎవరో ఎత్తుకున్నారు. వేల ఏళ్ల కిందటిది. పై పొర: ఈ మ్యూజియం అధికారి బూటు. కిందటి నెల, ఒక ఆదివారం పొద్దుటిది.'

చదివినవాళ్లు ముందు అచ్చు వైపు చూశారు. తర్వాత ఆయన కాళ్ల వైపు చూశారు. ఆయన బూట్లను ఎక్కడ దాచుకోవాలో తెలియక బల్ల వెనక్కి జరిగాడు.

జనం పలచబడ్డాక ఆయన మా బావ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాడు. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను, కావాలనే ఉన్నాను.

"నువ్వు పనిమంతుడివి కదయ్యా. ఆ పైది కాస్త నున్నగా చేసెయ్యలేవా? కింద పిల్ల అడుగు ఒక్కటే ఉండేట్టు."

బావ చేతులు తుడుచుకున్నాడు. "నున్నగా చెయ్యొచ్చు సార్. కానీ పైది చెరిపితే కింద ఏమీ ఉండదు. ఆ పిల్ల మిగతా రెండు వేళ్లూ మీ మడమ కిందే నలిగిపోయాయి."

రిబ్బను సారు పెట్టె దగ్గరకు వెళ్లాడు. వెళ్లి, నేను చూస్తుండగా మొదటిసారి, నడుం వంచాడు. అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. నాకు జాలి కలగలేదు, కలగాలని ఎవరైనా అన్నా ఒప్పుకోను. ఆ ఒక్క పనీ ఆ ఆదివారం పొద్దున చేసి ఉంటే, ఆ పెట్టెలో ఇవాళ ఆయన బూటు ఉండేది కాదు. ఆ పిల్లను ఎత్తుకున్న మనిషి ఉండేది.